బైండోవర్ అవ్వ

పోయిన వారం మధ్యాహ్నం బడిలో ఉండగా దావీదు ఫోన్ చేశాడు. ఒకప్పుడు నన్ను రోజూ పడవలో ఏరు దాటించిన మనిషి.

"సార్, బైండోవరవ్వ పోయింది. నిన్న సమాధి చేసినాం. మీకు చెప్పల్ల అనిపించింది" అన్నాడు.

"ఎవరెవరు వచ్చినారు?" అని అడిగాను.

"అందరూ వచ్చినారు సార్. ఏడ్చినోళ్లు మాత్రం ఎవురూ లేరు."

నాకూ ఏడుపు రాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని పిల్లలకు లెక్క మిగతా సగం చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మాత్రం ఆమె గుర్తొచ్చింది. ఆరేళ్లు రోజూ చూసిన మనిషి. ఆ ఆరేళ్లూ ఆమె అంటే నాకు పడలేదు. ఆమెకు నేనంటే అంతకన్నా పడలేదు. చనిపోయింది కదా అని ఇప్పుడు మాట మారిస్తే అది ఆమెకే నచ్చదు.

నందికొట్కూరు నుంచి ఆటోలోనో, అరుదుగా వచ్చే బస్సులోనో గంట, అక్కడి నుంచి పడవలో ఇరవై నిమిషాలు పోతే ఆమె ఊరున్న మిట్ట వస్తుంది. డ్యామ్ నీళ్లు ఎక్కి కిందనున్న ఊరు మునిగినప్పుడు, సర్కారు కట్టించిన కాలనీలకు పోమని మొండికేసిన కొన్ని ఇళ్లవాళ్లు గుట్టెక్కి అక్కడే ఉండిపోయారు. చుట్టూ కృష్ణ వెనకజలాలు. ఎండాకాలంలో నీళ్లు ఎంత దిగినా ఒక పాయ మాత్రం తెగదు కాబట్టి ఏడాది పొడుగునా అది దీవే. నీళ్లు వదిలిన ఒండ్రులో శనగ వేస్తారు, మిగతా రోజులు చేపలు పడతారు. ఒక చర్చి, ఒక బడి. ఆ బడికి నేనొక్కణ్నే పంతులును. కల్లూరులో సొంతిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన నెలకే ఆ పోస్టింగ్ పడింది. పడవెక్కిన మొదటి రోజు నేను మంచి కోపంలోనే ఉన్నాను.

ఆ కోపంలోనే నీళ్ల ప్యాకెట్ కొరికి తాగి, ఖాళీ కవరు ఏట్లో పడేశాను.

"దావీదూ, ఇంజన్ ఆపు" అంది పడవ ముందు భాగంలో కూర్చున్న ముసలామె. నా వైపు తిరగలేదు. "ఎత్తుకోమను."

"ఎవర్నవ్వా?" అన్నాడు దావీదు.

"యేసినోన్ని."

పడవలో ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ల పిల్లలకే నేను మర్నాటి నుంచి చదువు చెప్పాలి. ఆ కవరు తేలుతూ దూరం పోతోంది. దావీదు తెడ్డుతో పడవను దాని పక్కకు తెచ్చాడు. నేను వంగి, భుజం దాకా చొక్కా తడుపుకుని, దాన్ని తీశాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చెయ్యి చాపి కవరు తీసుకుని తన చొక్కా జేబులో పెట్టుకుంది.

చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా వేసుకునేది. మెడ దాకా గుండీలు. ఆ చొక్కా జేబులు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేవి. తెగిన నైలాన్ దారాలు, గాలాలు, గుట్కా కాగితాలు, ఒడ్డున ఏది దొరికితే అది. ఎవరు పారేశారో తెలిస్తే పోయి వాళ్ల గడప మీద పోసి వచ్చేది. తిట్టేటప్పుడు ఆ మనిషి మొహం చూసేది కాదు, నీళ్లకేసి చూస్తూ తిట్టేది. దాంతో పడవలో ఉన్న ప్రతివాడికీ ఆ తిట్టు తనకే అనిపించేది. అన్ని తిట్లూ ఒకే మాటతో ముగిసేవి. "ఈడ నువ్వొక్కనివే ఉండావా?"

ఆ మిట్ట మీద ఆమె పెట్టిన చట్టాలు చాలా ఉండేవి. ఆ అధికారం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఎండలు ముదిరి నీళ్లు దిగగానే దీవి తోక దగ్గర గులకరాళ్ల దిన్నె ఒకటి బయటపడేది. నెత్తిన నల్లటోపీ పెట్టుకున్నట్టుండే తెల్ల పిట్టలు వందల కొద్దీ వచ్చి ఆ రాళ్లలోనే గుడ్లు పెట్టేవి. రాయేదో గుడ్డేదో తెలియదు. అందుకని వానలు పడేదాకా ఆ దిన్నె మీద ఎవరూ కాలు పెట్టకూడదు. మేకలు పోకూడదు. ఊళ్లో ప్రతి కుక్కా తాడు మీదే ఉండాలి. ఒడ్డున జమ్ము కోయకూడదు, ఎందుకంటే చేపలు గుడ్లు పెట్టేది దాని మొదళ్లలో, చేపలు తిని బతికే నీటికుక్కలు పిల్లల్ని దాచుకునేది దాని లోపల. కప్పు వేసుకోవడానికి జమ్ము కావలసిన వాళ్లు ఆమెకు శాపనార్థాలు పెట్టేవాళ్లు. మేకలున్న ఇళ్లవాళ్లు మాట్లాడటమే మానేశారు. ఆమెకు అదేమీ పట్టేది కాదు.

కర్నూలు నుంచి ఒకసారి కెమెరాలు వేసుకుని కాలేజీ పిల్లలు ముగ్గురు వచ్చారు. ఆమె గురించి ఎవరో చెప్పారట. "అవ్వా, మీకు పక్షుల మీద ఇంత ప్రేమ ఎట్లా వచ్చింది?" అని ఒకమ్మాయి వినయంగా అడిగింది.

"ప్రేమ ఎవురికుండాది? పొద్దుగూకులూ కూతలు. సెవులు పగులుతాండాయి."

"మరెందుకు కాపాడుతున్నారు?"

"అవి ఈడివి" అంది. అప్పటికే ఆ పిల్లల్లో ఒకడు ఫోటో కోసం దిన్నె అంచు మీద మోకాలు పెట్టాడు. వాళ్లను పడవ దాకా తరిమేదాకా ఆమె ఊరుకోలేదు.

బడి దగ్గర తిరిగే ఒక ఎర్రకుక్కకు నేను మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం పెట్టేవాణ్ని. దాన్ని కట్టేయమని రెండుసార్లు చెప్పింది. నేను పట్టించుకోలేదు. ఒకరోజు తరగతి జరుగుతుండగా దాని మెడకు తాడు వేసి ఈడ్చుకొచ్చింది. దాని మూతికి ఇంకా ఈకలున్నాయి. ఒక్క మాట అనకుండా తాడు కొస నా కుర్చీ కాలికి కట్టి వెళ్లిపోయింది. నేను లేచి నిలబడగానే కుక్క కుర్చీని లాక్కుని బయటికి పరిగెత్తింది. ఆ సంవత్సరమంతా పిల్లలు ఆ సంగతి చెప్పుకుని నవ్వారు.

నేను చేరిన నాలుగో ఏడు వలల షావుకారు వచ్చాడు. ఎక్కడివాడో మాకు సరిగా తెలియదు. నాలుగు పెద్ద పడవలు, అలివి వలలు తెచ్చాడు. అలివి వల అంటే దోమతెర లాంటిది. దూరం దూరంగా నీళ్లలో చుట్టి రెండు కొసలూ ఒడ్డుకు లాగితే గోరంత చేపపిల్ల కూడా తప్పించుకోలేదు. సర్కారు దాన్ని నిషేధించిందని అందరికీ తెలుసు. కానీ వల లాగే పని మిట్ట మీద మగవాళ్లందరికీ దొరికింది. పడిన పిల్లచేపల్ని బండల మీద ఎండబెట్టి, సంచులకెత్తి, కోళ్ల దాణాకు పంపేవాళ్లు. షావుకారు చర్చికి కొత్త రేకుల కప్పు వేయించాడు. నాకు వారం వారం ఒక పొట్లం ఎండుచేపలు వచ్చేవి. మా అత్తకు అవంటే ప్రాణం.

చర్చిలో ఆమె పెద్దల్లో ఒకతె. కొత్త రేకులు పడిన ఆదివారం నుంచి లోపలికి పోవడం మానేసింది. గోడ బయట బండ మీద, ఎండలో, నెత్తిన కొంగు వేసుకుని కూర్చునేది. లోపల పాట ఎత్తుకోగానే బయటి నుంచి ఆమె కూడా ఎత్తుకునేది, లోపలివాళ్ల కన్నా గట్టిగా. ప్రార్థన మాత్రం వాళ్లది అయిపోయాక, మళ్లీ మొదటి నుంచి, తనది తాను చేసుకునేది. పాస్టరు బయటికొచ్చి, "లోపలికి రామ్మా, దేవుని మందిరం గదా" అని బతిమాలాడు.

"పైన కప్పు దేవునిది గాదు. నాకు ఎండ మేలు" అంది.

ఆ ఏడు తొలకరి పడి, చేపల గుడ్ల కాలమని వేట నిషేధం పెట్టినా వలలు ఆగలేదు. ఒక పొద్దున పది గంటలప్పుడు బండల మీద ఆరేసిన వల దగ్గరికి ఆమె కొడవలి తీసుకుని పోయింది. నేను బడి అరుగు మీద నుంచి చూస్తున్నాను. తీరిగ్గా కూర్చుంది. శనగ కోస్తున్నట్టు, చేరెడు చేరెడు పట్టుకుని వల కోయడం మొదలుపెట్టింది. మగవాళ్లు చుట్టూ నిలబడి అరిచారు. కానీ వాళ్లలో సగం మందికి ఆమె మేనత్తో పెద్దమ్మో అవుతుంది. చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం లేదు. వల మొత్తం కోయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

భోజనాల వేళకు వాళ్లంతా నా దగ్గరికి వచ్చారు. "సార్, నువ్వే రాయల్ల. ఆ ముసిల్దానికి బుద్ధి చెప్పల్ల" అన్నారు.

రాశాను. అంత ఇష్టంగా నేను ఏ కాగితమూ రాయలేదు. తడిసిన చొక్కా, కుర్చీతో పరిగెత్తిన కుక్క, అన్నీ ఆ కలంలోకి దిగాయి. "సదరు స్త్రీ స్వభావరీత్యా కలహప్రియురాలు అనియు, మారణాయుధము చేతబూని తిరుగుచు, కష్టజీవుల నోటికాడి కూడు పడగొట్టుచున్నది అనియు" అని రెండు పేజీలు నింపాను. కింద అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు.

మండలాఫీసులో ఆమెను బైండోవర్ చేశారు. ఊళ్లలో గొడవలు చేసే ముఠా మనుషుల్ని పిలిచి, ఇన్ని నెలలు బుద్ధిగా ఉంటామని పూచీకత్తు రాయించుకుంటారే, అదే. ఆ రోజు నాకు పక్క ఆఫీసులో పని ఉంది. పని లేకపోయినా పోయేవాణ్నేమో. గుమాస్తా నా అర్జీని పైకి చదివాడు. ఆమె ప్రసంగం వింటున్నట్టు, తల కొంచెం వంచి, ఒక్క మాట వదలకుండా విన్నది. చదవడం అయిపోయాక, "ఇది ఎవురు రాసింది?" అని అడిగింది. గుమాస్తా కాగితం మడిచి పెట్టాడు. ఆమె తల తిప్పి తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. నాలుగేళ్లలో నన్ను నేరుగా చూడటం అదే మొదలు.

జామీను పడటానికి మిట్ట మీద నుంచి దావీదు తప్ప ఎవరూ రాలేదు. రెండో మనిషిగా ఎర్రగుంట్లలో సిమెంటు లారీలకు లోడెత్తే ఆమె తమ్ముడు వచ్చాడు. వెంట్రుకల్లో ఇంకా బూడిదరంగు దుమ్ముంది. సంతకం పెట్టి, "అక్కా, మనింట్లో మగోళ్లెవురూ బైండోవర్ గాలేదు. నువ్వయితివి" అన్నాడు. "సంతకం పెట్టినావు గదా, ఇంగ పో" అంది.

ఆ రోజు నుంచి ఆమె పేరు బైండోవరవ్వ. గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ మాట తప్పలేదు. రోజూ ఒడ్డుకొచ్చి కూర్చుని, వలలు లాగడం చూసి, లేచిపోయేది. ఎవర్నీ ఏమీ అనేది కాదు. జమ్ము కోశారు. కుక్కల్ని వదిలేశారు. నాకు హాయిగా ఉండింది, అబద్ధం చెప్పను. పడవలో కాళ్లు బారజాపుకుని కూర్చునేవాణ్ని. వలల్లో పడే చేప నెల నెలకూ చిన్నదవడం నేనూ చూశాను. నా పొట్లంలో చేపలు చివరికి బియ్యపుగింజల్లా అయ్యాయి. చూసి కూడా ఇంటికి తీసుకెళ్లాను.

గడువు తీరిన వారానికి, బడి వదిలే వేళ, ఆమె సిమెంటు సంచి ఒకటి భుజాన వేసుకుని వచ్చింది. సంచి నా బల్ల ముందర నేల మీద దించి మూతి విప్పింది. వాసనకు పిల్లలు బయటికి పరిగెత్తారు. లోపల చచ్చిన నీటికుక్క. మెడ చుట్టూ నీలం నైలాన్ దారం కండలోకి దిగిపోయి ఉంది.

"రెండు ఆపీసులకు మోసుకపోయినా. అడివోళ్లు నీళ్లు మావి గాదంటారు. చేపలోళ్లు ఇది చేప గాదంటారు. యాడికి పోయినా రాసుకోని రాపో అంటాండారు. నాకు సదవను వొస్తాది, రాయను రాదు. నువ్వు రాయి."

"నేనా?"

"నా మీద రాసింటివే. ఆపీసులో ఆయప్ప దాన్ని సదువుతాంటే నాకే నన్ను పట్టుకోని కొట్టల్లనిపించె. అట్ల రాసేటోడు ఈడ ఇంకెవురూ లేరు."

రాయనని చెప్పి పంపేయవచ్చు. నేను ఎందుకు కాగితం తీశానో నాకు తెలుసు. ఆ చచ్చిన జంతువు మీద జాలితో కాదు. నా రాతను అంతగా మెచ్చుకున్న మనిషి అప్పటిదాకా నాకు తగల్లేదు.

అరపేజీ రాసి చదివాను. "మా ప్రాంతమందు మత్స్యసంపద క్షీణించుచున్నందున తమరు దయతో తగు చర్య తీసుకొనవలసినదిగా..."

"ఇది పింఛనీ అర్జీ మాదిరుండాది" అంది. "ఆ పొద్దు రాసిన కోపం యాడ పాయె?"

కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కోపం వచ్చింది, ముఖ్యంగా ఆమె మీద. ఆ ఊపులోనే అంతా రాశాను. ఎన్ని పడవలు, ఏ రేవు, ఏ వేళ, గుడ్ల కాలంలో ఎన్ని సంచులు ఒడ్డు దాటాయి, జమ్ము ఎక్కడెక్కడ కోశారు, దిన్నె మీద కుక్కలు ఏం చేశాయి. నేను ఇంత చూశానని రాసేదాకా నాకే తెలియదు. చదివి వినిపించాను. తలాడించింది.

"ఇంగొకటి తప్పిపోయింది. నీకు వారం వారం ఎండుచేపలొస్తాండ్య గదా. అది గూడా రాయి."

"అది రాస్తే నా ఉద్యోగానికొస్తాదవ్వా."

"రాయకుంటే ఇది ముసిల్దాని కూత అని మూలకేస్తారు. తీసుకున్నోడే చెప్పినాడంటే వొస్తారు."

"నేను రాయను."

ఆమె నీటికుక్క పక్కనే గోడకానుకుని కూర్చుంది. పోదు, మాట్లాడదు. కిటికీలోంచి ఏరు చూస్తూ ఉంది. దావీదు రేవులో రెండుసార్లు కూత పెట్టాడు. ఆ వాసనలో నేను ఇంకో గంట కూర్చున్నాను. చివరికి, "ఈ అర్జీ వ్రాసిన నేను కూడా సదరు షావుకారు వద్ద చేపలు తీసుకొనియున్నాను" అని రాసి కింద నా పేరు, హోదా, సంతకం పెట్టాను. ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. సంచి మూతి కట్టి భుజానికెత్తుకుంది. ఒక్క మంచిమాట లేదు.

ఆమె చెప్పినట్టే వాళ్లు వచ్చారు. ఒక మధ్యాహ్నం రెండు మరపడవల్లో దిగి, వలలు, ఇంజన్లు పట్టుకుపోయారు. షావుకారు మళ్లీ కనబడలేదు. మిట్ట మీద మగవాళ్లకు పని పోయింది. ఆ అర్జీలో నా సంతకం ఉన్న సంగతి మర్నాటికే అందరికీ తెలిసింది. మూడు వారాలు బడికి ఒక్క పిల్ల రాలేదు. ఖాళీ గదిలో హాజరు పట్టీ తెరిచి, అందరికీ గైర్హాజరు వేసి, మూసేవాణ్ని. ఆమె జొన్నచొప్ప వామికి ఎవరో పట్టపగలే నిప్పుపెట్టారు. అంగట్లో ఆమెకు ఉప్పు కూడా అమ్మలేదు. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. దిన్నె బయటపడగానే పోయి కుక్కల్ని కట్టేయమని ఇంటింటికీ చెప్పి, ఇంటింటా తిట్లు తిని వచ్చింది. కట్టేయని కుక్కను తానే కట్టేసింది.

నాకు పైనుంచి మెమో వచ్చింది, మరుసటి ఏడు బదిలీ వచ్చింది, జిల్లా పడమటి కొసన ఒక ఊరికి. ఏప్రిల్ ఆఖరులో బడిలో ఉంచుకున్న నా పెట్టె, పరుపు చుట్ట పడవలో వేసుకుని బయల్దేరాను. సాగనంపడానికి ఎవరూ రాలేదు. పడవలో నేను, దావీదు, ఆమె. ఏదో పని మీద నందికొట్కూరు పోతోంది. ఎప్పటిలాగే ముందు, నాకు వీపు పెట్టి కూర్చుంది.

ఈ ఒక్క రోజైనా ఏదైనా అంటుందని చూశాను. అనలేదు. నేనే ఉండబట్టలేక, "అవ్వా, నీ కోసం రాసి ఇంత పోగొట్టుకున్నా. పోయి రా నాయనా అని గూడా అనవా?" అన్నాను.

"నా కోసమా?" అంది నీళ్లకేసి చూస్తూ. "నా కోసం రాసింటే తప్పు చేస్తివి అయివోరూ. నేనేం మంచిదాన్నని నా కోసం రాయను?"

కాసేపటికి ఆమె దావీదుతో, "దిన్నె పక్కన పోవద్దు. ఇంజన్ సద్దుకు పిట్టలు లేస్తాయి. ఎండకు గుడ్లు మాడిపోతాయి. సుట్టు తిరిగి పో" అంది.

"సార్‌కు పన్నెండు గంటల బస్సుండాదవ్వా" అన్నాడు దావీదు.

"ఇంగో బస్సు రాదా?"

దావీదు నా మొహం చూశాడు. నేను గడియారం చూసుకున్నాను. వద్దంటే మాత్రం వినేదెవరు? పడవ పెద్ద పాయలోకి మళ్లింది. దూరంగా, ఎండలో, దిన్నె మీద తెల్లగా ఏదో పరిచినట్టుంది. ఒక్కటి కూడా లేవలేదు. మేము ఒడ్డు చేరేసరికి నా బస్సు వెళ్లిపోయింది. ఆమె దిగి, వెనక్కి చూడకుండా, ఆటోలు నిలిచే చోటికి నడిచింది. నేను పెట్టె మీద కూర్చుని రెండు గంటలు తర్వాతి బస్సు కోసం కాచుకున్నాను. ఆ రెండు గంటలూ ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను.